రెండు ముందులు

పడింది అంటున్నారు, వాన పడినట్టు. లేజర్ పడింది. షట్టర్ తెరుచుకుంది. కన్ను పోయింది. ఇన్ని వాక్యాల్లో ఒక్కదాంట్లోనూ మనిషన్నవాడు లేడు. ఈ వృత్తిలో శవాలకంటే ఈ క్రియాపదాలే నన్ను ఎక్కువ కుదిపాయి. చేసినవాడు వాక్యంలోంచి మెల్లిగా జారుకుంటాడు, చేసిన పని మాత్రం దిక్కులేని బిడ్డలా నడిగదిలో మిగిలిపోతుంది. ఎవరిదని అడిగితే అందరూ జాలిపడతారు, ఎవరూ ఎత్తుకోరు.

కోపం వస్తోంది. రానివ్వకూడదు. కోపం ముందు మనిషిని ఎంచుకుంటుంది, తర్వాత ఆ మనిషి కొలతలకి సాక్ష్యం కుట్టుకుంటుంది. నా కోపంతో నేను చాలాకాలంగా కాపురం చేస్తున్నాను. దాన్ని గెంటేయలేను, దానికి ఇంటి తాళాలు మాత్రం ఇవ్వను. అందుకే ఆసుపత్రి మంచం పక్కన స్టూలు మీద చేతులు కట్టుకుని, నా కోపానికి ఇంకా ఎవరి మొహమూ అతికించకుండా, ఆ అమ్మాయి చెప్పేది వింటున్నాను.

ఆమె రెండు కళ్ళకీ కట్టు ఉంది. కుడికన్ను మధ్యభాగం కాలిపోయింది. ఆ చూపు తిరిగి రాదని డాక్టరు నాకు చెప్పాడు గానీ ఆమెకి చెప్పలేదు. ఎడమకన్ను కదలకూడదని దానికీ కట్టేశారు. నిన్న మధ్యాహ్నం వరకు ఆమె గడియారాల ల్యాబులో లేజర్లు నడిపే శాస్త్రవేత్త.

"నన్ను పిలిపించింది మీవాళ్ళా, మీరా?"

"నేనే మేడం. మా నాన్నకైతే శూన్యాన్ని జైల్లో చూస్తేగానీ ముద్ద దిగదు. అది జరక్కుండా మీరే చూడాలి."

శూన్యం అంటే ఆమెతో పనిచేసే వాక్యూమ్ ఇంజినీరు. గొట్టాల్లోంచి గాలి తోడేసి లోపల ఏమీ లేకుండా చెయ్యడం అతని ఉద్యోగం. పొద్దస్తమానం చాకిరీ చేసి చివరికి 'ఏమీ లేదు' అనిపించుకుంటాడని తోటివాళ్ళు ఆ పేరు పెట్టారట.

"ఆ మెసేజ్ మళ్ళీ ఒకసారి చెప్పండి."

"'ముందు షట్టర్ మూసేశాను. వెళ్ళి కిటికీ చూడు.' అంతే. శూన్యం పేరుతో వచ్చింది. వెళ్ళాను. వంగాను. లేజర్ తగలకుండా కళ్ళకి పెట్టుకునే రంగద్దాలు తీస్తేగానీ కిటికీ మీద పూత కనపడదు, తీశాను."

"మూసేశానన్న షట్టర్ తెరిచే ఉంది."

"ఏ షట్టర్ అన్నదే గొడవ మేడం." ఆమె చెయ్యి దుప్పటి మీద గాల్లోనే ఒక గీత గీసింది. "మా దగ్గర మనిషి పొడవున ఒక గొట్టం ఉంటుంది. ఈ కొసన పొయ్యి. అందులో లోహం కాగి, పరమాణువులు తూటాల్లా దూసుకొస్తాయి. ఆ కొసన కిటికీ. అక్కణ్ణించి నేను నీలి లేజర్‌ని వాటికి ఎదురుగా వేస్తాను. వాక్యూమ్ వాళ్ళకి గొట్టం పొయ్యి దగ్గర మొదలవుతుంది, కాబట్టి వాళ్ళకి అదే ముందు. నాకు వెలుతురు వచ్చేది కిటికీలోంచి, నా ముందు అది. ఉన్నది ఒకటే గొట్టం, దానికి రెండు ముందులు. పొయ్యి దగ్గర పరమాణువులని ఆపే రేకు, కిటికీ దగ్గర లేజర్‌ని ఆపే రేకు. ఎవరి రేకుని వాళ్ళు ముందు షట్టర్ అంటారు."

"మీకు తెలిసి కూడా ఎలా..."

"మొదట్లో ఒకసారి పొరపాటు పడ్డాం. ఇక నేనూ శూన్యం ఆ మాటే మానేశాం. పొయ్యి రేకు, కిటికీ రేకు. మిగతావాళ్ళకి ఈ సంగతి తెలీదు. అతను నాతో 'ముందు' అని అనడు మేడం. ఆర్నెల్లుగా అనలేదు."

"మరి మెసేజ్‌లో ఆ మాట చూసినప్పుడు మీకు అనుమానం రాలేదా?"

ఆమె దుప్పటి అంచు మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. కట్టు కింద కన్నీళ్ళు రావచ్చో రాకూడదో నాకు తెలీదు.

"నా భాషలో రాశాడనుకున్నాను," అంది చివరికి. "నా కోసం. కాస్త సంతోషం కూడా వేసింది."

నా చేతులు వాటంతటవే విడిపోయాయి. మళ్ళీ కట్టుకున్నాను. ఎవడో ఈ పిల్లని ఆమె సంతోషం గుండానే కాల్చాడు. అది తెలిసి చేశాడో తెలియక చేశాడో గానీ, నా కోపానికి అప్పుడే కాళ్ళొచ్చాయి. ఇంకా మొహం రాలేదు.

"మీరు గదిలోకి వెళ్ళేటప్పుడు పొయ్యి రేకు ఎలా ఉంది?"

"తెరిచే ఉంది. దాన్ని తిప్పే గుబ్బ మీద తెల్ల గీత ఉంటుంది, పైకి ఉంటే తెరిచినట్టు. పైకే ఉంది. అది ఎప్పుడూ..." ఆగిపోయింది.

"ఎప్పుడూ?"

"ఏం లేదు మేడం."

ఉంది. కానీ కళ్ళకి కట్టున్న మనిషిని మొహం చూసి తవ్వడం నాకు నచ్చలేదు. వేరే ప్రశ్న వేశాను. "కేక వేశాక ముందు ఎవరొచ్చారు?"

"మా ల్యాబు పెద్దసారు. పక్కనే కంట్రోల్ గదిలో ఉన్నారట. ఆయనే నన్ను పట్టుకుని బయటికి తెచ్చారు. కానీ..." నవ్వబోయింది. "నొప్పిలో ఏదో భ్రమ అయ్యుంటుంది. నేను అరవగానే తలుపు దగ్గర అడుగులు వినపడ్డాయి. టకటకా. నా వైపు రాలేదు. గొట్టం అవతలి కొసకి వెళ్ళాయి. ఆ తర్వాత వచ్చాయి."

*

ప్రపంచంలోకెల్లా కచ్చితమైన గడియారం చేస్తున్నామని చెప్పుకునే సంస్థలో, మీటింగు గది గోడ గడియారం పావుగంట వెనక నడుస్తోంది. దాని కింద బల్లకి ఒకవైపు శూన్యం, రెండోవైపు ఇస్త్రీ, మధ్యలో ఒక కాగితం.

ఇస్త్రీ నాతో పాటు పోలీసు శాఖలో పనిచేసినవాడు. ఇద్దరం బయటికొచ్చాం. ఇప్పుడు నేను ఎవరైనా పిలిస్తే వెళతాను, వాడు సంస్థలు పిలిస్తే వచ్చి లోపలి విచారణలు చేసి పెడతాడు. చొక్కా మీదా, రిపోర్టు మీదా ఒక్క ముడత ఉండనివ్వడు. అందుకే ఆ పేరు.

"రా అక్కా, సమయానికి వచ్చావు. సాక్షి సంతకం పెడుదువుగాని."

"దేనికి తమ్ముడూ?"

"అన్నీ తేలిపోయాయి. ఇందులో హత్యాప్రయత్నం లేదు, పగలూ లేవు. మాట తేడా. ఇతను తన ముందు షట్టర్ మూశాడు, పొయ్యి దగ్గరది. ఆ అమ్మాయి తన ముందు షట్టర్ అనుకుంది. ఇతను సంతకం పెడితే ఉద్యోగం పోతుంది, జైలు తప్పుతుంది. పెట్టకపోతే వాళ్ళ నాన్న కేసు పెడతాడు, నేను ఆపలేను. పన్నెండింటికి కమిటీ వాళ్ళు గడియారం చూడ్డానికి వస్తున్నారు. ఈలోగా ఈ బరువు దిగితే అందరికీ మంచిది."

కాగితం నా వైపు తిప్పుకుని చదివాను. 'షట్టర్ మూయబడినట్లు సందేశం పంపబడినది. అపార్థం చోటుచేసుకున్నది.' వాక్యాల నిండా దిక్కులేని బిడ్డలే.

శూన్యం ముప్పై దాటినవాడు. నిన్నటి చొక్కాలోనే ఉన్నాడు. పెన్ను మూత తీసి, పెట్టి, తీస్తున్నాడు.

"మెసేజ్ మీరే పంపారా?"

"లేదండి. సిలిండర్ల షెడ్డులో ఉన్నాను. ఒక్కణ్ణే. కంట్రోల్ గదిలో అందరం వాడే కంప్యూటర్ ఉంది, దాంట్లో నా ఖాతా తెరిచి వదిలేశాను. అందరం అలాగే వదిలేస్తాం."

"పంపలేదంటూ సంతకం ఎలా పెడతారు?"

"పెట్టేస్తే అయిపోతుందంటున్నారు."

"పొయ్యి రేకు మీరు మూశారా?"

పెన్ను మూత ఆగింది. "మూశానని రాసుకోమనండి."

"రాసుకోవడం సంగతి కాదు. మూశారా?"

"వదిలెయ్యండి మేడం. ఆమె పేరు ఇందులోకి రాకూడదు. నాది వస్తే వచ్చింది."

తప్పు చేసినవాడి సిగ్గు వేరు, దాచినవాడి సిగ్గు వేరు. మొదటిది కళ్ళు దించుకుంటుంది, రెండోది తలుపు వైపు చూస్తుంది. ఇతను తలుపు వైపు చూస్తున్నాడు. ఆసుపత్రిలో ఆ అమ్మాయి 'ఎప్పుడూ' అని ఆపేసిన చోటే ఇతనూ ఆగాడు. ఇద్దరూ కలిసి ఏదో ఒక్క తలుపుకే అడ్డం నిలబడి ఉన్నారు.

"నేను ల్యాబు చూడాలి," అన్నాను.

"టేపు వేసి మూశానక్కా. నిన్నటినుంచి ఎవరూ కాలు పెట్టలేదు. కమిటీ వచ్చినప్పుడే తీస్తాను."

"ముందే తీస్తే టేపు ఏడుస్తుందా?"

"నీకు కోపం వచ్చినప్పుడల్లా ఏదో ఒక తలుపు తీయించాలి. మార్పేమీ లేదు నీలో."

"నీలోనూ లేదు. రక్తం మీద కూడా గంజి పెట్టి వెచ్చగా ఇస్త్రీ చేసేస్తావు."

వాడి నవ్వు సగంలో ఆగింది. కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "పద. చూసుకో. ఆ తర్వాత ఇతను సంతకం పెడతాడు, నువ్వు నోరు మూసుకుంటావు. మాట?"

"చూశాక."

*

ల్యాబు గుమ్మం దగ్గర దుమ్ము లోపలికి రాకుండా రబ్బరు చెప్పులు ఇచ్చారు. నేనూ, ఇస్త్రీ, మా వెనకాలే శూన్యమూ వేసుకున్నాం. అక్కడ మాతో కలిసిన పెద్దసారు వేసుకోలేదు, బూట్లతోనే ఉన్నారు. ఆయన ఈ గడియారానికి సృష్టికర్త. లోపలికి నడిచి వెళ్ళారు. టక్, టక్, టక్.

నేను ఆ చప్పుడు వింటూ గుమ్మంలోనే కాసేపు నిలబడ్డాను. ఇది సాక్ష్యం కాదు, అని నాకు నేను చెప్పుకున్నాను. బూట్లు వేసుకోవడం నేరం కాదు. మొహం అతికించకు. ఇంకా అతికించకు.

గొట్టం గది పొడవునా ఉంది. దాని చుట్టూ రాగితీగ చుట్లు, పొయ్యి వైపు లావుగా, పోనుపోను సన్నగా.

"ఈ తీగచుట్లు ఎందుకు సార్?"

ఆయన ఈ ప్రశ్నకి అలవాటు పడ్డవాడు. గొంతులో అతిథుల కోసం పెట్టుకున్న తియ్యదనం వచ్చింది. "పరమాణువు చాలా వేగంగా వస్తుందమ్మా. దాన్ని ఆపితేగానీ దాని కంపనాన్ని లెక్కపెట్టలేం, గడియారం అవదు. ఎదురుగా లేజర్ వేస్తాం. వెలుగు తాకిన ప్రతిసారీ కాస్త నెమ్మదిస్తుంది. కానీ నెమ్మదించేకొద్దీ దానికి ఆ లేజర్ రంగు పొసగదు, తప్పించుకుంటుంది. ఈ తీగల అయస్కాంతం ఒక్కో చోట ఒక్కో బలంతో ఉండి, పరమాణువుని లేజర్‌కి పొసగేలా సర్దుతూ వస్తుంది. అది ఎంత నెమ్మదించినా లేజర్ దాన్ని వదలదు. చివరికి నిలబడిపోతుంది."

నాకు అర్థమైంది. నా పనీ అదే. ఎదుటివాడు జంకిన కొద్దీ ప్రశ్న మార్చుకుంటూ పోవాలి, లేకపోతే చేజారతాడు.

"పొయ్యి రేకు గుబ్బ ఇదేనా?"

"అదే. గీత కిందికి ఉంది చూడండి, మూసినట్టు. నేను వచ్చేసరికి ఇలాగే ఉంది."

"అంటే ఆ అమ్మాయి కేక విని వచ్చినప్పుడు."

"అవును."

"అంత కంగారులో దీన్ని ఎలా గమనించారు?"

"తర్వాత గమనించాను. అమ్మాయిని బయట కూర్చోబెట్టి వచ్చాక."

"పొయ్యి ఇంకా కాగుతోందా?"

"ఆర్పితే మళ్ళీ దారికి రావడానికి ఒక పూట పడుతుంది. ఇవాళ కమిటీ ఉంది కదా."

"అయితే లేజర్ వెయ్యండి. తెర మీద చూద్దాం."

ఆయన నవ్వారు. "రేకు మూసి ఉంటే పరమాణువులు రావమ్మా. చూడ్డానికి ఏమీ ఉండదు."

"ఆ ఏమీ లేకపోవడాన్నే చూస్తాను."

"అక్కా," అన్నాడు ఇస్త్రీ, "టైము."

"నీ రిపోర్టుకే బలం తమ్ముడూ. రేకు మూసి ఉందని నువ్వు కళ్ళారా చూసినట్టు రాసుకోవచ్చు."

వాడికి అది నచ్చింది. పెద్దసారుకీ అభ్యంతరం లేదు. అందరం రంగద్దాలు పెట్టుకున్నాం. వెనకనుంచి శూన్యం "వద్దండి" అన్నాడు, చాలా చిన్నగా. పెద్దసారు మీట నొక్కారు.

గొట్టం లోపలికి చూసే కెమెరా తెర ఒక క్షణం నల్లగా ఉంది. ఆ తర్వాత మధ్యలో సన్నటి తెల్లటి దారం వెలిగింది, కాస్త వణుకుతూ. లేజర్ తగిలి పరమాణువులు మెరుస్తున్నాయి. అంటే వస్తున్నాయి.

పెద్దసారు గుబ్బ వైపు చూశారు, తెర వైపు చూశారు, మళ్ళీ గుబ్బ వైపు. ఆ మొహంలో ముందు కనపడింది భయం కాదు, అవమానం. తన సొంత యంత్రం తనకి అబద్ధం చెప్పినట్టు.

"లీకు ఏర్పడి ఉంటుంది," అన్నారు.

"లేదు సార్." శూన్యం ముందుకొచ్చాడు. "రేకు లోపల ఊడిపోయింది. గుబ్బ తిరుగుతుంది గానీ రేకు కదలదు. రెండు వారాలైంది. బాగుచెయ్యాలంటే గొట్టం విప్పాలి, మళ్ళీ శూన్యం చెయ్యడానికి నెల పైన. కమిటీ ముందర మీరు ఒప్పుకోరని మేమిద్దరం దాచాం. పొయ్యి రగులుతున్నంతసేపూ లోహం కిటికీకి అంటుకుంటోంది. అందుకే ఆమె రోజూ కిటికీ చూడాల్సి వచ్చేది. నిన్న ఆ పూతే లేజర్‌ని అద్దంలా ఆమె కంట్లోకి తిప్పికొట్టింది." చేత్తో కిటికీ వైపు చూపించాడు. "ఆ దాచిన తప్పు మాదే. అది బయటికి వస్తే ఆమె చేజేతులా చేసుకుందంటారని..."

నేను ఇస్త్రీ వైపు తిరిగాను. "రేకు పనిచెయ్యదని తెలిసినవాడు రేకు మూసేశానని మెసేజ్ పెడతాడా?"

"తప్పించుకోడానికి ఇతనే కేక తర్వాత వచ్చి తిప్పుండొచ్చు. మాట తేడా అని నమ్మించడానికి."

"నమ్మించాడా? మాట తేడా అని నీకు ఇతను చెప్పాడా?"

వాడి చూపు పెద్దసారు వైపు వెళ్ళింది.

"రెండు ముందుల కథ నీకు ఎవరు చెప్పారు తమ్ముడూ?"

"పెద్దసారు."

"ఎప్పుడు?"

"నిన్న. నేను గేటు దాటి రాగానే. మెట్ల దగ్గర." వాడి మాట నెమ్మదించింది. తన మాటని తనే వింటున్నాడు. "'ముందు అన్న మాట దగ్గర పొరపాటు జరిగుంటుంది, వాళ్ళిద్దరికీ ముందు వేరు' అన్నారు."

"మెసేజ్ నువ్వు ఎప్పుడు చూశావు?"

"రాత్రి. ఆసుపత్రిలో. ఫోను ఆ అమ్మాయి బట్టల్లో ఉండిపోయింది. అప్పటిదాకా..." ఆగాడు. "అప్పటిదాకా ఆమె తప్ప ఎవరూ చూడలేదు, ఆమె ఎవరికీ చెప్పనూ లేదు."

"ఆ మాట మెసేజ్‌లో ఉందని, ఇంకెవరూ చదవకముందే ఈయనకి తెలుసు."

ఇస్త్రీ చొక్కా వీపు చెమటకి అంటుకుపోయి ఉంది. వాణ్ణి అలా నేనెప్పుడూ చూడలేదు.

"ఎందుకు సార్?" అన్నాడు శూన్యం. అడిగింది మమ్మల్ని కాదు. "ఆమె ఇవాళ కమిటీ ముందు చెప్పేస్తానందనా? గడియారం గురించి మీరు ప్రకటించిన అంకె తప్పని? కొలిచేటప్పుడు ఈ తీగల్లో కరెంటు ఆపలేదు, ఆ అయస్కాంతమే గడియారాన్ని మీకు కావలసిన వైపు లాగింది. తను ముందు మీకే చెప్పింది. మీరే సర్దుకుంటారని, మీ పరువు పోకూడదని."

పెద్దసారు లేజర్ ఆపారు. దారం ఆరిపోయింది. రంగద్దాలు తీసి జేబురుమాలుతో తుడుచుకున్నారు, తీరిగ్గా, ఒక్కో అద్దం.

"సార్," అన్నాను. "కేక వినగానే మీరు ఆ తలుపు దగ్గరికి వచ్చారు. కుడి పక్కన ఆమె నేల మీద ఉంది. ఎడమ పక్కన ఈ గుబ్బ. ముందు ఎటు వెళ్ళారు?"

ఆయన జేబురుమాలు మడిచారు. జవాబు నాకు అక్కర్లేదు. ఆమె అది భ్రమ అనుకుంది. ఒక మనిషి అలా చెయ్యగలడని నమ్మడంకంటే తన చెవులు తప్పనుకోవడం ఆమెకి తేలిక. అరుస్తున్న మనిషిని దాటి, పనిచెయ్యని ఒక గుబ్బని తిప్పడానికి ఆయన ఇంత దూరం నడిచాడు. తిప్పాక వెనక్కి నడిచాడు. అప్పుడు వంగి, భయపడకమ్మా అన్నాడు.

"ల్యాబులో నియమం ఉంది," అన్నారాయన, కమిటీ కోసం దాచిన గొంతుతోనే. "రంగద్దాలు తియ్యకూడదు. తీసింది ఆమె. నేను కాదు."

జరిగినదాని గురించి మొదటిసారి ఆయన నోట కర్త ఉన్న వాక్యం వచ్చింది. ఆ కర్త ఆసుపత్రిలో ఉంది.

"ఇక మీరు చెప్పినవన్నీ ఊహలు. ఒక గుబ్బ, ఒక మెట్ల దగ్గర మాట. కమిటీలో సగంమంది నా శిష్యులు, మిగతా సగం నాకు శిష్యులు కావాలనుకునేవాళ్ళు. ఎవరి మాట వింటారో చూద్దాం. ఇతని సంతకం ఇవాళ కాకపోతే రేపు పడుతుంది." కోటు సర్దుకున్నారు. "వాళ్ళు వచ్చే వేళైంది. నన్ను వెళ్ళనివ్వండమ్మా."

బూట్లు నా వైపు వచ్చాయి. టక్, టక్. గుమ్మానికి అడ్డంగా ఉన్నది నేనొక్కదాన్నే. ఇస్త్రీ నా వైపు చూస్తున్నాడు. జీవితంలో మొదటిసారి వాడికి ఏం రాయాలో తెలియడం లేదు. శూన్యం చేతిలో పెన్ను ఇంకా ఉంది. నేను పక్కకి తప్పుకుంటే మధ్యాహ్నానికి ఆ పెన్ను కాగితం మీదికి వెళుతుంది. అది నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. ఆయన నడక ఆగకపోవడానికి కారణం అదే. ఆయన కోసం ఎప్పుడూ ఎవరో ఒకరు పక్కకి తప్పుకున్నారు.

నేను గోడవారన ఉన్న స్టూలుని కాలితో ఆయన ముందుకి లాగాను.

"కూర్చో," అన్నాను.